రాత్రి రోడ్డు మీద ఎడమ అంచు కనిపించాలంటే: కారు హెడ్‌లైట్ల సర్దుబాటు, మార్పులు

యాసంగి కోతలప్పుడు పరకాల నుంచి హనుమకొండకు రాత్రిపూట కారు నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. రోడ్డుకు ఎడమ పక్కన పగలంతా వడ్లు ఎండుతాయి. పొద్దుగూకగానే రైతులు వాటిని కుప్పకు నూకి, నల్ల పరదా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పేర్చి ఇంటికి పోతారు. నల్లటి తారు మీద నల్లటి పరదా, దాని అంచున మన్ను రంగు రాళ్లు. ఎదురుగా లారీ లైట్లు కళ్లలో పడుతుంటే, దగ్గరికి వచ్చేదాకా ఆ కుప్ప లేనట్టే ఉంటుంది.

నాలుగేళ్ల కింద అమ్మను తీసుకుని వస్తూ నేను ఆ రాళ్ల మీదికే ఎక్కించాను. ఎడమ ముందు చక్రం రిమ్ము వంగింది, టైరు చీరుకుపోయింది. అమ్మకు దెబ్బ తగలలేదు గానీ ఇల్లు చేరేదాకా ఆమె చెయ్యి వణుకుతూనే ఉంది. అంతకు వారం ముందే ఒక షాపులో ఎల్‌ఈడీ బల్బులు వేయించాను. షాపు ముందు గోడ మీద పాలు పోసినట్టు వెలిగాయవి. రోడ్డు మీద మాత్రం బానెట్ ముందు పది గజాలు తెల్లగా మెరిసి, ఎడమ అంచు చీకట్లోనే ఉండిపోయింది. ఆ రాత్రి రైతు మీద కోపం వచ్చింది. ఆరబోసుకోవడానికి జాగా లేక రోడ్డెక్కిన మనిషాయన. నా లైట్లు సరిగ్గా ఉంటే ఆ పరదా నాకు ముందే కనిపించేది.

ఆ తర్వాత కొన్ని ఆదివారాలు దీని మీదే కూర్చుని, ఒక పెద్ద వయసు ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర అడిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను. వరుస తప్పకండి: ముందు అద్దం, తర్వాత కరెంటు, ఆ తర్వాత గురి. ఈ మూడూ అయ్యాక కూడా చాలదనిపిస్తేనే బల్బు. చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఈ వరుసను తిరగేసి, బల్బుతో మొదలుపెట్టడం వల్లే.

ఎంత దూరం కనిపించాలి

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఏదో అడ్డం ఉందని కన్ను పట్టి, కాలు బ్రేకు మీద పడేసరికి సెకనున్నర. అంటే బ్రేకు పడకముందే 33 మీటర్లు అయిపోయాయి. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఆగడానికి ఇంకో 38 మీటర్లు. మొత్తం 70 మీటర్ల పైమాటే. 60 వేగంలో అయితే 46 మీటర్ల దగ్గర ఆగుతాం.

ఇప్పుడు లైటు లెక్క. డిప్పర్‌లో, అంటే దగ్గరి వెలుగులో ఉన్నప్పుడు వెలుగు పై అంచు కొద్దిగా కిందికి వాలి ఉండాలి. ఈ వాలు 1 శాతం, అంటే మీటరుకు ఒక సెంటీమీటరు అనుకుందాం. ల్యాంపు నేల నుంచి 65 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఆ వెలుగు 65 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. అదే వాలు 2 శాతానికి దిగజారితే 32 మీటర్లకే చీకటి. 60లో పోతున్నా ఆ చీకట్లో ఉన్నదాన్ని తగలకుండా ఆగలేం. లైట్లు సర్దేటప్పుడు ఏడున్నర మీటర్ల ముందున్న గోడ మీద నాలుగు వేళ్ల మందం తేడా రోడ్డు మీద సగం దూరాన్ని మింగేస్తుందన్నమాట.

మన దేశంలో బండ్లు ఎడమవైపు నడుస్తాయి కాబట్టి ఇక్కడి హెడ్‌లైట్ల డిప్పర్ వెలుగు కుడివైపు అడ్డంగా, చదునుగా ఆగిపోతుంది, ఎడమవైపు కొంచెం పైకి లేస్తుంది. కుడి భాగం ఎదుటివాళ్ల కళ్లను కాపాడటానికి, ఎడమ లేపు రోడ్డు అంచును దూరం దాకా చూపించడానికి. వడ్ల కుప్పలు, కట్టెల మోపుతో పోయే సైకిలు, వెనక రేడియం స్టిక్కరు కూడా లేకుండా ఆగి ఉన్న పత్తి ట్రాక్టరు, మేత నుంచి ఆలస్యంగా మళ్లిన బర్రెలు, అన్నీ ఆ అంచులోనే ఉంటాయి. ఈ ఎడమ లేపును బతికించుకోవడమే మొత్తం పని.

మొదటి పని: అద్దాలు

రెండు అద్దాలున్నాయి. ఒకటి మీ ముందున్న విండ్‌షీల్డ్. దాని లోపలి వైపు ప్లాస్టిక్ ఆవిరి, ఏసీ తేమ కలిసి పలుచని పొర పడుతుంది. పగలు కనపడదు, రాత్రి ఎదురు లైటు పడగానే అద్దమంతా మబ్బు కమ్ముతుంది. తడి బట్టతో ఒకసారి, పొడి న్యూస్‌పేపరుతో ఒకసారి తుడిస్తే చాలు. అరిగిన వైపర్ రబ్బర్లుంటే అదే రోజు మార్చేయండి.

రెండోది హెడ్‌లైట్ పైకప్పు. ఇప్పటి కార్లలో ఇది గాజు కాదు, పాలీకార్బొనేట్ ప్లాస్టిక్. కంపెనీలో దాని మీద ఎండను ఆపే పూత వేస్తారు. మన వేసవి ఎండలకు కొన్నేళ్లలో ఆ పూత చచ్చి ప్లాస్టిక్ పచ్చబడుతుంది. పచ్చబడ్డ కప్పు వెలుగును తగ్గించడమే కాదు, చెదరగొడుతుంది. దాని వెనక ఎంత మంచి బల్బు పెట్టినా కటాఫ్ గీత, అంటే వెలుగు ఆగి చీకటి మొదలయ్యే అంచు, మసకగానే ఉంటుంది.

దీన్ని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చు. ల్యాంపు చుట్టూ పెయింటు మీద మాస్కింగ్ టేపు రెండు వరసలు వేయండి. 1000 నంబరు వాటర్ పేపరును నీళ్లలో నానబెట్టి, నీళ్లు పోస్తూ ఒకే దిశలో రుద్దండి. మొదట పసుపు కలిపిన పాలలాంటి నీళ్లు కారతాయి. అది చచ్చిన పాత పూత. నీళ్లు తెల్లగా కారేదాకా ఆపొద్దు. తర్వాత 1500, ఆ తర్వాత 2000 నంబరు, ప్రతిసారీ దిశ మార్చి. ఇప్పుడు కప్పు మంచుబట్టినట్టు తెల్లగా కనిపించి గాభరా పుడుతుంది, అది మామూలే. రబ్బింగ్ కాంపౌండుతో మెత్తటి బట్ట పట్టి రుద్దుతుంటే నీళ్లలా తేటపడుతుంది. చివర ఎండను తట్టుకునే క్లియర్ కోట్ తప్పనిసరిగా కొట్టించండి. అది లేకుండా వదిలేస్తే కొన్ని నెలలకే మళ్లీ పచ్చబడుతుంది. టూత్‌పేస్టుతో రుద్దితే మెరుపు వస్తుందని చెప్తారు. వస్తుంది, పూత లేదు కాబట్టి తొందరగానే పోతుంది.

మరక లోపలి వైపు ఉంటే, లేదా లోపలి రిఫ్లెక్టరు వెండి మెరుపు పోయి బూడిద రంగుకు తిరిగితే ఇవేవీ పనిచేయవు. ల్యాంపు మార్చాల్సిందే.

రెండో పని: బల్బు దాకా కరెంటు అందుతున్నదా

ఆ ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయి, "అన్నా, వంద వాట్ల బల్బు వెయ్యి" అన్నాను. ఆయన మల్టీమీటరు తీసి రెండు చోట్ల పెట్టి చూసి, "బల్బుల తప్పు లేదు తమ్మీ, దానికి కరెంటే సరిగ వస్తలేదు" అన్నాడు. ఇంజన్ ఆన్‌లో, లైట్లు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర 14.1 వోల్టులు. బల్బు వెనక వైర్లు తగిలే కప్లర్ దగ్గర 12.4. మధ్యలో 1.7 వోల్టులు వైర్లలోనే ఇంకిపోతున్నాయి.

హాలోజన్ బల్బుకు వోల్టేజి కాస్త తగ్గితే వెలుతురు చాలా ఎక్కువ తగ్గుతుంది. వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుతురు దాదాపు 30 శాతం పోతుంది. నా లెక్కన మూడో వంతు వెలుగు బల్బు దాకా రాకముందే అయిపోయింది.

మీరు ఇలా చూసుకోండి. బల్బు పెట్టే ఉంచి, లైటు వెలుగుతుండగా కప్లర్ వెనక నుంచి మీటరు సూదులు తగిలించాలి. మొదట బ్యాటరీ ప్లస్‌కు, బల్బు ప్లస్‌కు మధ్య ఎంత తేడా ఉందో చూడండి. తర్వాత బల్బు ఎర్త్‌కు, బ్యాటరీ మైనస్‌కు మధ్య చూడండి. రెండూ కలిపి అర వోల్టు లోపు ఉంటే నిశ్చింతగా ఉండొచ్చు. ఎర్త్ వైపు తేడా ఎక్కువుంటే మందు సులువు: బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు విప్పి, తుప్పు, పెయింటు గీకి, మెరిసే ఇనుము కనిపించాక మళ్లీ బిగించి, పైన కొంచెం గ్రీజు రాయండి. నాకు సగం లోటు అక్కడే తీరింది.

ప్లస్ వైపు ఎక్కువుంటే రిలే హార్నెస్, అంటే రిలే ఉన్న వేరే వైర్ల కట్ట వేయించాలి. పాత పద్ధతి కార్లలో లైట్ల కరెంటు అంతా స్టీరింగ్ దగ్గరున్న స్విచ్ చుట్టూ తిరిగి వస్తుంది. రిలే పెడితే స్విచ్ హుకుం మాత్రమే ఇస్తుంది, అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు వైరులో నేరుగా బల్బుకు పోతుంది. రిలే మీద 30 నంబరు కాలుకు ఫ్యూజ్ గుండా బ్యాటరీ, 87కు బల్బు, 85, 86కు పాత కప్లర్ నుంచి వచ్చే సిగ్నల్, ఎర్త్. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. అది మర్చిపోయిన హార్నెస్‌ను నేను కారులో ఉంచనివ్వను, వైరు ఎక్కడైనా ఒరుసుకుపోతే నిప్పంటుకుంటుంది. కొత్త కార్లలో లైట్లను కంప్యూటరే నడిపిస్తుంది, వాటికి ఈ పని చేయొద్దు.

మూడో పని: గురి

కొనేదేమీ లేదు. సుద్దముక్క, టేపు, స్టార్ స్క్రూడ్రైవర్, ఒక చదునైన నేల, దాని ముందు గోడ. గోడకూ ల్యాంపుకూ మధ్య 7.5 మీటర్లు ఉండాలి. ఇంటి ముందు అంత జాగా లేకపోతే ఊరి చివర రైస్ మిల్లు ప్రహరీ గానీ ఫంక్షన్ హాలు గోడ గానీ అడిగి వాడుకోండి. పెళ్లిళ్లు లేని రోజుల్లో ఎవరూ కాదనరు.

చదును అన్నమాట తేలిగ్గా తీసుకోవద్దు. మనం సర్దేది మీటరుకు ఒక సెంటీమీటరు. కంటికి చదునుగా కనిపించే సిమెంటు నేలను కూడా వాననీళ్లు పోవడానికి దాదాపు అంతే వాలుతో పోస్తారు. అందుకే మేస్త్రీలు పునాది మట్టం చూసే నీళ్ల పైపు తెచ్చుకోండి. తేట పైపులో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక చివర గోడ దగ్గర, రెండో చివర ముందు చక్రం దగ్గర నిలబెట్టి, నీళ్ల మట్టం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలవండి. తర్వాత వెనక చక్రం దగ్గర కూడా. మూడు చోట్లా ఒకే ఎత్తు వస్తే ఆ నేల పనికొస్తుంది. నేను మొదట ఎంచుకున్న జాగాలో గోడ వైపు 6 సెంటీమీటర్లు పల్లం తేలింది. అక్కడే సర్ది ఉంటే పనంతా బూడిదలో పోసినట్టయ్యేది.

కారును సిద్ధం చేయండి. టైర్లలో గాలి సరిచూసి, డిక్కీ ఖాళీ చేసి, ట్యాంకు సగం ఉంచి, డ్రైవరు సీట్లో మీ అంత బరువున్న మనిషిని కూర్చోబెట్టండి. డాష్‌బోర్డు మీద లైటు ఎత్తు తిప్పే మర ఉంటే 0 మీద పెట్టండి.

ఇక గీతలు. కారును గోడకు ఆనేంత దగ్గరికి నిటారుగా తెచ్చి, ఒక్కో ల్యాంపు నడిబొడ్డుకు ఎదురుగా గోడ మీద గుర్తు పెట్టండి. రెండు గుర్తుల గుండా ఒక అడ్డగీత, ఒక్కో గుర్తు గుండా ఒక నిలువుగీత గీయండి. ల్యాంపు ఎత్తు 65 సెంటీమీటర్లయితే అడ్డగీత కూడా 65 దగ్గరే ఉంటుంది. ఇప్పుడు బానెట్ లోపల లేదా ల్యాంపు మీద అతికించిన చీటీ వెతకండి. చిన్న ల్యాంపు బొమ్మ పక్కన 1.0 శాతం అనో 1.2 శాతం అనో ఉంటుంది, మీ కారుకు కంపెనీ చెప్పిన వాలు అదే. 1.0 అయితే 7.5 మీటర్ల దూరానికి 7.5 సెంటీమీటర్లు, 1.2 అయితే 9 సెంటీమీటర్లు. మొదటి అడ్డగీతకు అంత కింద రెండో అడ్డగీత గీయండి. మనకు కావలసిన గీత అది.

కారును స్టీరింగ్ తిప్పకుండా నేరుగా 7.5 మీటర్లు వెనక్కి తీసుకోండి. చీకటి పడ్డాక ఇంజన్ ఆన్‌లో ఉంచి డిప్పర్ వేయండి. ఒక ల్యాంపు చూస్తున్నప్పుడు రెండోదానికి అట్టముక్క అడ్డం పట్టించండి. ల్యాంపుకు ఆనించి బట్ట కప్పి వదలొద్దు, హాలోజన్ వేడికి కాలుతుంది.

గోడ మీద వెలుగు కుడి సగం చదునుగా, ఎడమ సగం ఏటవాలుగా పైకి లేస్తూ కనిపిస్తుంది. చదును భాగం రెండో అడ్డగీత మీద కూర్చోవాలి. చదును ఆగి ఏటవాలు మొదలయ్యే మోచేయి ఆ ల్యాంపు నిలువుగీత మీద పడాలి. ల్యాంపు వెనక రెండు మరలుంటాయి, ఒకటి పైకీ కిందికీ, ఇంకోటి పక్కలకూ. ఏది ఎటు తిప్పితే ఏమవుతుందో కారును బట్టి మారుతుంది, కాబట్టి పావు చుట్టు తిప్పి గోడ చూడండి, మళ్లీ పావు చుట్టు. మర బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయొద్దు. ఆ ప్లాస్టిక్ పళ్లు ఒక్కసారి అరిగితే ల్యాంపే మార్చాల్సి వస్తుంది. రెండూ అయ్యాక బానెట్‌ను రెండుసార్లు గట్టిగా నొక్కి వదిలి, స్ప్రింగులు కుదురుకున్నాక మళ్లీ చూడండి.

మోచేయి కుడికి జరిగిందంటే ఎదుటివాడి కళ్లలో కొడుతున్నారని అర్థం. మరీ ఎడమకు జరిగితే మీ దారి మధ్యలోనే చీకటి. హెచ్4 లాంటి ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లున్న కార్లకు డిప్పర్ సరిచేస్తే అప్పర్, అంటే దూరపు వెలుగు, దానంతటదే సరిపోతుంది.

చివరగా ఎదుటివాళ్ల వైపు నుంచి చూడాలి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989లో 106వ నియమం దీనికి కొలత కూడా చెప్పింది: ల్యాంపు నుంచి 8 మీటర్ల ముందు, బండి కుడి అంచుకు అర మీటరు అవతల, నేల నుంచి మీటరున్నర ఎత్తులో కన్ను ఉన్న మనిషికి కళ్లు చెదరకూడదు. మీరే అక్కడ నిలబడి, కన్ను ఆ ఎత్తుకు వచ్చేలా వంగి చూడండి. ఆ ఎత్తు దాదాపు స్కూటీ మీద పిల్లను ముందు నిలబెట్టుకుని వచ్చే తండ్రి కన్ను.

బరువు వేస్తే గురి మారుతుంది

రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతరకు ఇక్కడి ఇళ్లన్నీ కదులుతాయి. వెనక సీట్లో నలుగురు, డిక్కీలో వంటగిన్నెలు, అమ్మవార్లకు ఎత్తు బంగారం, అంటే బెల్లం. వెనక భాగం 3 సెంటీమీటర్లు కుంగిందనుకోండి. చక్రాల మధ్య దూరం 2.4 మీటర్లయితే ముక్కు 1.25 శాతం పైకి లేచినట్టు. గోడ ముందు కష్టపడి పెట్టిన వాలంతా పోయి, డిప్పర్ కూడా అప్పర్ అయిపోతుంది. ములుగు దాటి తాడ్వాయి అడవిలో ఎదురొచ్చే ప్రతి బండీ మీకు డిప్పర్ కొడుతుంటే కారణం ఇదే. డాష్‌బోర్డు మర ఉన్నది ఇందుకే: డ్రైవరు ఒక్కడే ఉంటే 0, సీట్లు నిండితే 1 లేదా 2, డిక్కీ కూడా నిండితే 3. ఏ బరువుకు ఎంతో మీ కారు పుస్తకంలో ఉంటుంది. బరువు దిగగానే మళ్లీ 0కు తిప్పడం మరవొద్దు, లేదంటే ఎడమ అంచు మళ్లీ చీకట్లోకి పోతుంది.

ఇంకా చాలకపోతే: బల్బు

మామూలు హెచ్4 బల్బు అప్పర్‌కు 60, డిప్పర్‌కు 55 వాట్లు. హాలోజన్ నడుస్తున్న కొద్దీ మసకబారుతుంది, కాబట్టి పాత జతను తీసేసి అదే వాట్ల మంచి కంపెనీ కొత్త జత వేయడమే చాలా కార్లకు సరైన మందు. రెండూ కలిపే మార్చండి. గాజును వేళ్లతో ముట్టొద్దు. చేతి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కి బల్బు తొందరగా పోతుంది. ముట్టుకుంటే స్పిరిట్‌తో తుడిచి పెట్టండి. ఎక్కువ వెలుగిస్తామని అమ్మే హాలోజన్లు నిజంగానే కొంత ఎక్కువిస్తాయి, కానీ వాటి ఆయుష్షు తక్కువ. నీలం రంగు పూసినవి కొనొద్దు, ఆ పూతే కొంత వెలుగును మింగేస్తుంది.

100/90 వాట్ల బల్బుల మాట. రెండు అప్పర్లూ కలిసి 200 వాట్లు, అంటే 15 ఆంపియర్లు దాటుతుంది. కంపెనీ వైరు, కప్లర్ దానికోసం పుట్టలేదు. కప్లర్ ప్లాస్టిక్ కరిగి, రిఫ్లెక్టరు వెండి పూత మాడిపోయిన కార్లను చూశాను. పైగా ఆ వాట్లు రోడ్డు మీద వాడటానికి చట్టం ఒప్పుకోదు.

హాలోజన్ ల్యాంపులో ఎల్‌ఈడీ బల్బు ఎందుకు పనిచేయదో నా రిమ్ము నాకు నేర్పింది. రిఫ్లెక్టరు వంపు అంతా ఫిలమెంటు ఎక్కడుందో దాన్ని బట్టి గీసినది. హెచ్4లో డిప్పర్ ఫిలమెంటు కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. కటాఫ్ గీతను గీసేది ఆ దొప్పే. ఎల్‌ఈడీ చిప్పు ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు ఉన్నా వెలుగు చిందరవందర అవుతుంది. దగ్గర నేల తెల్లగా వెలిగేసరికి కనుపాప ముడుచుకుంటుంది, దూరం ఇంకా నల్లగా కనిపిస్తుంది. ఎదుటివాళ్లకేమో కళ్లు బైర్లు కమ్ముతాయి. వెలుగు పెరిగిందని మనసుకు అనిపిస్తుంది, కనిపించే దూరం మాత్రం తగ్గుతుంది. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు; వానలో 6000 కెల్విన్ తెలుపు కన్నా హాలోజన్ 3200 ప్రాంతపు పసుపే కంటికి హాయిగా ఉంటుంది.

ఎల్‌ఈడీయే కావాలంటే దానికోసమే తయారైన ప్రొజెక్టరు, అంటే ముందు గుండ్రటి లెన్సు ఉన్న ల్యాంపు కావాలి. అన్నిటికన్నా మంచి దారి, మీ కారులోనే పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చిన ప్రొజెక్టర్ ల్యాంపు మొత్తంగా తెచ్చి బిగించడం. అది కుదరకపోతే ల్యాంపును వేడి చేసి విప్పి లోపల ప్రొజెక్టరు పెడతారు. అది చేయించే ముందు మూడు సంగతులు అడగండి. కటాఫ్ ఎడమకు లేచేదేనా? ఆన్‌లైన్‌లో కుడికి లేచేవి కూడా అమ్ముతారు, అవి ఎడమవైపు నడిచే దేశాలకు పనికిరావు. ఎత్తు తిప్పే మోటారు పనిచేస్తూనే ఉంటుందా? మళ్లీ మూసేటప్పుడు కొత్త బ్యూటైల్ సీల్ (జిగురు రబ్బరు) వేస్తారా? సీల్ సరిగా లేకుంటే మొదటి ముసురుకే లోపల నీటి బొట్లు కడతాయి. వారంటీ ఉన్న కారైతే సర్వీస్ సెంటర్‌ను ముందే అడగండి.

ఫాగ్ ల్యాంపులు పొగమంచు ఉదయాలకు, నెమ్మదిగా పోయేటప్పుడు మంచివి. బంపర్ కింద, అడ్డంగా పరుచుకునేలా పెట్టించండి. వాటితో దూరం కనిపించదు. కారు పైకప్పు మీద పెట్టే లైటు పట్టీలు రోడ్డుకు అసలు వద్దు.

బల్బు మారినా, ల్యాంపు మారినా, బంపర్‌కు దెబ్బ తగిలినా మళ్లీ గోడ దగ్గరికే పోవాలి.

రోడ్డు మీద పరీక్ష

అన్నీ అయ్యాక బండ్లు తిరగని ఒక నిటారు మట్టి బాట చూసుకోండి. నేను మా ఊరి చెరువు కట్ట కింది బాటలో చేశాను. ఒక నల్ల పరదా ముక్కను బాట ఎడమ అంచున పరిచి నాలుగు రాళ్లు పెట్టాను. కారును బాగా దూరంగా తీసుకెళ్లి, డిప్పర్ మీదే మెల్లగా నడుపుతూ, పరదా ఇదేనని కంటికి తెలిసిన చోట ఆపాను. అక్కడి నుంచి రాళ్ల దాకా అంగలు లెక్కపెట్టాను. నా అంగ ముప్పావు మీటరు. ఎల్‌ఈడీ బల్బులతో 38 అంగలు, అంటే 28 మీటర్ల చిల్లర. ఎర్త్ గీకి, కొత్త హాలోజన్లు వేసి, గురి సర్దాక 72 అంగలు, 54 మీటర్లు. ఆ పరదాను ముందే వెతుకుతున్న కన్నుకు వచ్చిన దూరమిది, తెలియకుండా ఎదురైతే ఇంకా తగ్గుతుంది. అందుకే కోతల కాలంలో ఆ రోడ్డు మీద రాత్రిపూట నేను 50 దాటను. ఎదురుగా లారీ వస్తే దాని లైట్ల వైపు చూడను, చూపు ఎడమ అంచు తెల్లగీత మీదే పెడతాను.